పాఠం 4: సింక్ సగంలో ఆగిపోతే

చేతి మెషీన్‌లోని డేటాను కంప్యూటర్‌లోకి దించడమే సింక్. గత పాఠంలో కేబుల్, కామ్ పోర్ట్ (కంప్యూటర్‌లో ఆ కేబుల్ తగిలించే సీరియల్ పోర్టు) నంబరు సరిచూసుకున్నాం. ఇవాళ ఆ కేబుల్‌లో డేటా పోయే వేగం సంగతి చూద్దాం.

చీమకుర్తి గ్రానైట్ యార్డులో పనిచేసే ఒకబ్బాయి చేతి మెషీన్ తీసుకుని ఒంగోలులో నా దగ్గరికొచ్చాడు. పగలంతా రాళ్ల కొలతలు అందులో ఎక్కించి, సాయంత్రం క్రేడిల్‌లో, అంటే మెషీన్‌ను కంప్యూటర్‌కు కలిపే స్టాండులో పెట్టి కంప్యూటర్‌లోకి దించుతారు. "అన్నా, మొదలవుద్ది, సగం దాకా పోయి ఆగిపోద్ది. మెషీన్ పోయినట్టేనా?" అన్నాడు. పాపం, కొత్తది కొనాలేమోనని టెన్షన్ పడుతున్నాడు.

మొదలైందంటేనే కేబుల్, పోర్టు బాగున్నాయన్నమాట. అసలు కదలకపోతే మూడో పాఠానికి వెళ్లండి. పిచ్చి అక్షరాలు వస్తుంటే రెండు వైపులా వేగం ఒకటిగా లేదు. మొదలై ఆగితే మాత్రం వేగాన్నే అనుమానించండి.

ముందు మెషీన్‌లోనూ కంప్యూటర్‌లోనూ వేగం 9600 పెట్టండి, అంటే సెకనుకు 9600 బిట్లు. ఒక్కో బైటుకు ముందొక బిట్, వెనకొక బిట్ కలిపి మొత్తం 10 బిట్లు పోతాయి, అంటే సెకనుకు 960 బైట్లు. 300 కేబీ ఫైలుకు 5 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఓపిక పట్టండి, మధ్యలో ఆపొద్దు. అది పూర్తయితే 19200, 38400, 57600, 115200 వరుసలో ఒక్కో మెట్టే ఎక్కండి. ఆ అబ్బాయి మెషీన్ 57600 దాకా చక్కగా పోయి, 115200 దగ్గర తెగింది.

ఎందుకు తెగుతుందో తెలిస్తే మందు దొరికినట్టే. 115200లో ఒక్కో బైటు సుమారు 87 మైక్రోసెకన్లకు వచ్చి పడుతుంది. కంప్యూటర్‌లో ఆ పోర్టును నడిపే సీరియల్ చిప్ 16550ఎ రకమైతే అందులో 16 బైట్లకే చోటు. 14 నిండాక ప్రాసెసర్‌ను పిలిచేలా సెట్ చేసి ఉంటే మిగిలేది రెండు బైట్ల చోటే. ప్రాసెసర్ ఇంకేదో పనిలో ఉండి కాస్త ఆలస్యం చేసిందా, తర్వాతి బైటు నేలపాలే.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, పోర్టు మీద డబుల్ క్లిక్ చేసి, పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కండి. రిసీవ్ బఫర్ మీట 14 దగ్గర ఉంటే 8కి జరపండి. అప్పుడు ఎనిమిది బైట్ల చోటు మిగులుతుంది, ప్రాసెసర్‌కు దాదాపు 700 మైక్రోసెకన్ల వ్యవధి దొరుకుతుంది. మేం చేసింది అంతే. 115200లో ఫైలు అరనిమిషం లోపే దిగిపోయింది. ఆ అబ్బాయి ముఖం చూడాలి!

9600లో కూడా ప్రతిసారీ వేరే వేరే చోట ఆగుతుంటే సెట్టింగులు ముట్టుకోకండి, క్రేడిల్ పిన్నులు చూడండి. రాతి దుమ్ము వాటి మీద సన్నగా, తెల్లగా పేరుకుంటుంది. పవర్ తీసేసి, దూదికి కొంచెం స్పిరిట్ అద్ది తుడిచి, ఆరాక మళ్లీ ప్రయత్నించండి.

యూఎస్‌బీ కన్వర్టర్ వాడేవాళ్లకు ఈ సెట్టింగు వేరేలా ఉంటుంది. అది అయిదో పాఠంలో చెప్తాను. ఈలోగా మీ మెషీన్ ఏ వేగం దాకా నిలబడుతోందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.