ఎపిక్యూరస్‌ని బెంగళూరులో వాడుకోవడం ఎలా

జీతం పడ్డ పది రోజులకే అకౌంట్ ఖాళీ, సంతోషం మాత్రం అంతంతే అనిపిస్తోందా? అయితే క్రీ.పూ. 341లో పుట్టిన గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ మీకు పనికొస్తాడు. జీవితానికి సుఖమే గమ్యం అన్నాడు కాబట్టి తిని తాగి తిరగమన్నాడని చాలామంది అనుకుంటారు గానీ, ఆయన లెక్కలో సుఖమంటే ఒంటికి నొప్పి, మనసుకి కలత లేకపోవడం. రొట్టె, నీళ్లతో సరిపెట్టుకునే మనిషి, విందు చేసుకోవాలనిపిస్తే కాస్త చీజ్ పంపమని స్నేహితుడికి రాశాడు.

ముందు మీ కోరికల్ని ఆయన చెప్పినట్టు మూడు రకాలుగా విడదీయండి. అన్నం, తలదాచుకునే చోటు, స్నేహం లాంటివి సహజం, అవసరం కూడా. బిర్యానీ సహజమే, అవసరం కాదు. దొరికితే తినండి, దొరకలేదని మూడ్ పాడుచేసుకోకండి. పేరు, హోదా, పక్కవాడి కంటే ఎక్కువ ఉండటం, ఇవన్నీ ఉత్తుత్తి కోరికలు. వీటికి హద్దు లేదు, అందుకే తీరవు.

చిక్కేంటంటే ఒకే కోరికలో మూడూ కలిసి ఉంటాయి. వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ కొనాలనుకున్నారనుకోండి. ఇది తీరితే నాకేమవుతుంది, తీరకపోతే ఏమవుతుంది అని అడగమంటాడు ఎపిక్యూరస్. తీరితే ఓనర్ ఎప్పుడు ఖాళీ చేయమంటాడో అన్న టెన్షన్ పోతుంది, అది మొదటి రకం. స్విమ్మింగ్ పూల్ రెండోది. ఊళ్లో పెళ్లికెళ్తే మావయ్య నలుగురి ముందూ "మావాడు బెంగళూర్లో ఫ్లాట్ కొన్నాడు" అంటాడే, అది మూడోది. ఇరవై ఏళ్ల ఈఎంఐలో ఏ రకానికి ఎంత కడుతున్నారో కాగితం మీద వేసుకోండి, బ్రోకర్‌కి ఫోన్ చేసేముందే.

తిండి విషయంలో ఆయన మాట ఇంకా సూటిగా ఉంటుంది: ఏం తింటావన్నది తర్వాత, ఎవరితో తింటావో ముందు చూసుకో. మారతహళ్లి పీజీల్లో రాత్రిపూట చూడండి, ఫోన్‌ని సాంబారు గిన్నెకి ఆనించి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఒకే బల్ల దగ్గర ఆరుగురు విడివిడిగా తింటుంటారు. వాళ్లలో ఒకణ్ని ఆదివారం ఆంధ్రా మెస్‌కి లాక్కెళ్లండి. పప్పు, గోంగూర, నెయ్యి, ఇంకోసారి అన్నం, మేనేజర్‌ని తిట్టుకోవడం: పెద్ద ఖర్చేం కాదు.

అన్నిటికీ ఈయన్నే పట్టుకోవద్దు. రాజకీయాల జోలికి పోవద్దు, జనం కంట పడకుండా బతకమన్నాడు. చెత్త ఎత్తకపోతే వార్డు ఆఫీసుకి ఎవరు వెళ్తారు మరి? అదీగాక, ఆఫీసులో ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్ మీద ఉండి జీతం తీసుకుంటూ, ఏ బాధా లేకుండానే లోపల వెలితిగా ఉంటే దానికి ఎపిక్యూరస్ దగ్గర మందు తక్కువ. అప్పుడు అరిస్టాటిల్‌ని చదవండి. మనిషిగా మనకున్న శక్తిని బతుకంతా బాగా వాడటమే ఆనందమంటాడాయన, హాయిగా అనిపించడం కాదు. అంటే ముందు ఆ ప్రాజెక్టు సంగతి చూడాలి.