అరకు ఘాట్ సైకిల్ రైడ్: ముందు రోజు రాత్రే చూసుకోండి

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక రిపేరు షాపు కోసం వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

• బ్రేకులు: ఎక్కడం కన్నా దిగడంతోనే అసలు టెన్షన్. అరిగిన ప్యాడ్లు మార్చేయండి. రిమ్ బ్రేకులైతే (చక్రం అంచును నొక్కి ఆపేవి) దిగేటప్పుడు పట్టుకునే ఉండొద్దు, రిమ్ము వేడెక్కి ట్యూబు పేలొచ్చు. మలుపుకు ముందే, వదిలి వదిలి, ముందూ వెనకా రెండు బ్రేకులూ నొక్కండి.

• గేర్లు: వెనక 32 పళ్ల పెద్ద గేరు చక్రం ఉంటే ఎక్కడం తేలికై మోకాళ్లు బతికిపోతాయి. తేలిక గేరని ఎగతాళి చేసేవాళ్లను చేయనివ్వండి.

• స్పేర్ ట్యూబు, పంపు, రెండు బాటిళ్ల నీళ్లు.

• చలికాలమైతే పొగమంచు. ముందూ వెనకా లైట్లు పెట్టుకోండి, దిగేటప్పుడు వేసుకోవడానికి జాకెట్ కూడా.

• గుంపు: ఎక్కేటప్పుడు ఎవరి వేగం వారిది, ఘాట్ మీద అనంతగిరి ఊళ్లో కలుద్దాం. దిగేటప్పుడు పక్కపక్కన వద్దు. మలుపుల్లో బస్సులు రోడ్డంతా ఆక్రమిస్తాయి.