తక్కువ ఖర్చులో హుషారైన చిన్న కారు: మన రోడ్లకు ఏది సరిపోతుందో చూసుకోవడం ఎలా

స్పోర్టీ కారు కావాలని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది, రోజూ ఏ రోడ్డు మీద తిరుగుతారని. నార్కట్‌పల్లి నుంచి హైదరాబాద్ పోయేవాళ్లకు నాలుగు లేన్ల హైవే ఉంది, దాదాపు ఏ కారైనా సరిపోతుంది. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు రెండు లేన్ల రోడ్ల మీద మాత్రం ముందు ఇసుక లారీ, ఎదురుగా ఆర్టీసీ బస్సు. అక్కడ టాప్ స్పీడుతో పని లేదు, 40 నుంచి 80కి ఎంత తొందరగా అందుకుంటుందన్నదే లెక్క.

అందుకే బ్రోచర్‌లో హార్స్‌పవర్ ఒక్కటే చూడకండి, టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఎన్ని ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో చూడండి, ఎంత తక్కువ దగ్గర వస్తే అంత తొందరగా బండి అందుకుంటుంది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ టర్బోలో (టర్బో అంటే ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టి బలం పెంచే పరికరం) 172 ఎన్ఎం (టార్క్ కొలత) టార్క్ 1500 ఆర్‌పీఎం నుంచే దొరుకుతుంది. మారుతి ఫ్రాంక్స్ టర్బోలో దాదాపు 148, అది 2000 దగ్గర మొదలవుతుంది. 2024లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌లో టర్బో లేదు, 112 ఎన్ఎం కూడా 4300 దగ్గర గానీ రాదు, కానీ బండి బరువు 920 కిలోల చుట్టుపక్కలే కాబట్టి ఊళ్లో చురుగ్గా తిరుగుతుంది, మెయింటెనెన్స్ టెన్షన్ తక్కువ. బడ్జెట్ నిజంగా తక్కువైతే నా ఓటు స్విఫ్ట్‌కే, హైవే ఓవర్‌టేక్‌లు ఎక్కువైతే డబ్బు కూడబెట్టుకుని టర్బో తీసుకోండి.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే పోవద్దు. నలుగురు కూర్చుని, ఏసీ ఆన్ చేసి, ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేరులో 40 మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. టర్బో అందుకునే ముందు చిన్న గ్యాప్ వస్తుంది. లారీ పక్కకు వచ్చాక ఆ గ్యాప్ తెలిస్తే లాభం లేదు, కొనకముందే తెలియాలి.

ఇంజిన్ కంటే నాకు ఎక్కువ పట్టింపు బ్రేకులు, టైర్ల మీద. కోతల టైములో రోడ్డు సగానికి వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రిపూట నల్ల పట్టా కప్పితే దగ్గరికొచ్చే దాకా కనబడదు. గింజల మీద టైరు ఎక్కిందంటే గోలీల మీద కాలు పెట్టినట్టే జారుతుంది, అక్కడ సడన్ బ్రేక్ వేస్తే ఏబీఎస్ ఉన్నా బండి చాలా దూరం పోతుంది. ఐ20 ఎన్ లైన్‌కి నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులున్నాయి, అది పెద్ద ప్లస్. ఈగలపెంట దగ్గర ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఏ బండికైనా రెండో గేరే ఆధారం. అందం కోసం పెద్ద అల్లాయ్ చక్రాలు, సన్నటి టైర్లు వేయించవద్దు, మన గుంతల్లో టైరు పక్క గోడ చీలిపోతుంది. ఊరి స్పీడ్ బ్రేకర్లకు గ్రౌండ్ క్లియరెన్స్ (బండి అడుగుకూ రోడ్డుకూ మధ్య ఎత్తు) కూడా చూడాలి: స్విఫ్ట్ 163 మిల్లీమీటర్లు, ఫ్రాంక్స్ 190.

ధర విషయానికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతమే, పైన పేర్కొన్న మూడూ అందులోకే వస్తాయి. షోరూమ్ వాళ్లు చెప్పే రేటు కాదు, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపి ఆన్ రోడ్ ఎంతో కాగితం మీద రాయించుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ (టర్బో పెట్రోల్) మీద మనసు పోతుంది, నడపడానికి ఇప్పటికీ అంత బాగుంటుంది. కానీ మన దగ్గర 2022లోనే అమ్మకాలు ఆగిపోయాయి, పాత 1.2 మోడల్‌లో డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రిపేరుకొస్తే బిల్లు భారీగా ఉంటుంది. జీటీ పేరు లేకపోయినా పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్ దొరికితేనే చూడండి, సర్వీస్ రికార్డు లేకపోతే వదిలేయండి. టైరు మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి, 2319 అంటే 2019లో 23వ వారం. రాయచూర్ వైపు నుంచి కర్ణాటక బండి చౌకగా వస్తుందని ఎవరైనా అంటే, ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టడానికి ఎంతవుతుందో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.