మూడు తరాల ఇంటి లెక్క: ఆచారం మారితే బతుకుతెరువు ఎలా మారిందో తెలుసుకునే పద్ధతి

చెన్నైలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంటి చరిత్ర రాయాలనుకున్నప్పుడు వంశవృక్షం గీసి, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో రాసి, అక్కడితో ఆపేస్తారు. ఒక సమాజపు నమ్మకాలు, కట్టుబాట్లు దాని ఆర్థికాభివృద్ధిని ఎలా మలుస్తాయన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి ఆ వంశవృక్షం కంటే మంచి చోటు లేదని నా నమ్మకం. అందుకు ఒక నోటు పుస్తకం, మాట్లాడగల పెద్దవాళ్లు, కొంత ఓపిక ఉంటే చాలు.

ముందుగా ఒక పెద్ద కాగితం మీద మూడు తరాలకు మూడు వరుసలు గీయండి. ప్రతి మనిషి పేరు కింద ఎంతవరకు చదివారు, ఏ పని చేశారు, ఆ సంపాదన ఎవరి చేతికి వెళ్లింది, ఆస్తి ఎవరి పేరున ఉంది అన్నవి రాయండి. మొదటి రెండూ తేలికగానే దొరుకుతాయి. చివరి రెండింటి దగ్గర మాట తడబడుతుంది, అసలు పని మొదలయ్యేదీ అక్కడే. "మీ కాలంలో ఆడవాళ్లకు స్వేచ్ఛ ఉండేదా?" అని అడిగితే ఎవరైనా మర్యాదకు తగిన జవాబే ఇస్తారు. మా నాయనమ్మను ఆస్తి గురించి అడిగినప్పుడు "అవన్నీ మగవాళ్లు చూసుకునేవాళ్లు" అని తేల్చేసింది. ఇనప్పెట్టె తాళాలు ఎవరి బొడ్డున ఉండేవని అడిగితే మాత్రం మధ్యాహ్నమంతా చెబుతూనే ఉంది. కాబట్టి వస్తువుల గురించి అడగండి, శుభలేఖలు, బడి సర్టిఫికెట్లు, చీటీల పుస్తకాలు, దుకాణం ఉంటే చిట్టా, ఆవర్జా వంటి పాత లెక్కల పుస్తకాలు కూడా బయటికి తీయించండి.

ఆ తర్వాత పక్కన మరో వరుస గీసి, మారిన చట్టాలను, సదుపాయాలను సంవత్సరాలతో సహా రాయండి. 1920లో, తెలుగువారైన పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షులుగా ఉన్న మద్రాసు కార్పొరేషన్, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. 1956లో కామరాజ్, 1982లో ఎం.జి.ఆర్. ఆ పథకాన్ని రాష్ట్రమంతటా విస్తరించారు. పిల్లవాడిని కూలికి పంపితే వచ్చే అణాలకూ బడికి పంపితే దక్కే భోజనానికీ మధ్య తేడా తగ్గింది, వేర్వేరు కులాల పిల్లలు ఒకే పంక్తిలో కూర్చోవలసి వచ్చింది. 1937లో దుర్గాబాయి మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, బడి మానేసిన స్త్రీలను బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం జరిపే మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసింది. 2021లో తమిళనాడు ప్రభుత్వం సాధారణ సిటీ బస్సుల్లో స్త్రీలకు టికెట్ తీసివేసింది. మీ వీధిలో ఎవరు దూరంగా పనికి వెళ్లడం మొదలుపెట్టారో అప్పటి నుంచి లెక్కించి చూడండి.

ఇప్పుడు రెండు వైపులా ఉన్న సంవత్సరాలను పోల్చండి. ఇంట్లో మార్పు ముందు వచ్చి చట్టం తర్వాత వస్తే మనుషుల ఆలోచనే దారి తీసిందని, చట్టం వచ్చాకే ఇల్లు మారితే చట్టమే ఇంటిని నడిపించిందని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఆస్తి విషయంలో ఈ పోలిక ఎక్కువ ఫలితమిస్తుంది. కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంటుందని ఆంధ్రప్రదేశ్ 1986 నాటి చట్టంతో, తమిళనాడు 1989లో, దేశం మొత్తం 2005లో అంగీకరించాయి. అయితే మొదట ఆ రెండు రాష్ట్రాలూ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మినహాయించాయి. చట్టం తర్వాత కూడా మీ అత్తలు పసుపు కుంకుమతో సరిపెట్టుకుని, అన్నదమ్ములకు వాటా వదులుకుంటూ సంతకం చేశారేమో దస్తావేజుల్లో చూడండి. అలా వదులుకున్నది డబ్బు మాత్రమే కాదు. తన పేరున ఇల్లో స్థలమో లేని మనిషికి బ్యాంకులో వ్యాపారానికి పెద్ద అప్పు దొరకడం కష్టం.

ఒక జాగ్రత్త చెప్పాలి. "వ్యాపారం వాళ్ల రక్తంలోనే ఉంది" అన్న మాటను పుస్తకంలోకి రానివ్వకండి. చెన్నై పాత బజారు కొత్వాల్ చావడిలో, జార్జ్ టౌన్ వీధుల్లో తెలుగు వర్తకులు నిలదొక్కుకోవడంలో బంధువుల దగ్గర నోటిమాట మీద పుట్టిన అప్పుకు, చిన్నప్పుడే గల్లాపెట్టె పక్కన దొరికిన శిక్షణకు పెద్ద పాత్ర ఉంది. ఆ నమ్మకం లోపలివారికి ఎంత పెట్టుబడి అయ్యిందో బయటివారికి అంత తలుపు గడియ అయ్యింది. కుల కట్టుబాటు కార్మికులకు చేసిన నష్టానికి 1921లో మద్రాసులోని బకింగ్‌హామ్, కర్ణాటిక్ బట్టల మిల్లుల్లో జరిగిన సమ్మె సాక్ష్యం: సవర్ణ కార్మికులు, ఆది ద్రావిడ (దళిత) కార్మికులు చీలిపోవడంతో ఆ నగరంలోని పులియాంతోపులో ఘర్షణలు రేగాయి, సమ్మె ఓడిపోయింది.

చివరగా మీ కుటుంబం దాటి బయటికి వెళ్లండి. ఈ నగరపు పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలున్నాయి. అదే భోజనం, అదే చట్టం, అదే బస్సు వాళ్లకూ దక్కాయి, అయినా చాలా ఇళ్లలో మూడు వరుసల్లోనూ ఒకే పని కనిపిస్తుంది. వారిని అడిగేటప్పుడు గౌరవంగా, వాళ్లకు వీలైన వేళ వెళ్లి, చదువుకున్న పిల్లలు ఏ ఉద్యోగాలకు ప్రయత్నించారో, అక్కడ ఏం జరిగిందో, ఏ వీధుల్లో అద్దె ఇల్లు దొరకలేదో తెలుసుకోండి. ఆ జవాబులను, వాళ్లు ఒప్పుకుంటే, మీ ఇంటి వరుసల పక్కనే, అదే కాగితం మీద రాయండి.