ఫార్మ్‌విల్ ఫొటోలతో ఒక పీరియడ్: అమెరికా బడుల్లోని వర్ణవిభజనపై పాఠం చెప్పే పద్ధతి

అమెరికా పౌరహక్కుల చరిత్ర చెప్పడానికి నెట్‌లో సరుకుకు కొదవ లేదు. ఎక్కువైపోవడమే చిక్కు. పదిహేను లింకులు పంపితే పిల్లలు ఒక్కటీ తెరవరు. 45 నిమిషాల పీరియడ్‌కి ఒక ఊరు, నాలుగు ఫొటోలు చాలు.

1957లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సైనికుల కాపలాతో తెల్లపిల్లల బడికి వెళ్లిన లిటిల్ రాక్ కథ అందరూ చెప్పేదే. వర్జీనియాలోని ఫార్మ్‌విల్ తీసుకోండి, అక్కడ ముందు కదిలింది పిల్లలే. నల్లజాతి పిల్లల మోటన్ హైస్కూల్‌ను 180 మంది కోసం కడితే 450 మందికి పైగా చేరారు. మిగిలినవాళ్లకు తారుకాగితం చుట్టిన షెడ్లు వేశారు. 1951 ఏప్రిల్ 23న అక్కడి విద్యార్థిని, పదహారేళ్ల బార్బరా జాన్స్ బడి మొత్తాన్నీ సమ్మెకు దింపింది. ఆ సమ్మె కోర్టు కేసుకు దారితీసింది. బడుల్లో వర్ణవిభజన రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పిన బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో అదీ ఒకటి.

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వారి డాక్స్‌టీచ్ సైట్‌లో మోటన్ హైస్కూల్ పేరుతో వెతకండి. మోటన్ ఫొటో ఒకటి, తెల్లపిల్లల ఫార్మ్‌విల్ హైస్కూల్ ఫొటో ఒకటి ముందురోజే దించుకుని ఎ4 సైజులో ప్రింటు తీయండి. బడి నెట్‌ను నమ్ముకోవద్దు. వెతికేటప్పుడు ‘ఆఫ్రికన్ అమెరికన్’ అన్న మాటతోనే ఆగిపోతే చాలా కాగితాలు తగలవు. అప్పట్లో ‘నీగ్రో’, ‘కలర్డ్’ అనే రాశారు. ఆ మాటలు కాగితంలో ఎందుకున్నాయో, మనం ఎందుకు అనకూడదో పిల్లలకు ముందే చెప్పండి.

నలుగురేసి గుంపులు చేయండి. సగం గుంపులకు ఒక ఫొటో, సగానికి రెండోది. వివరణ వాక్యం కత్తిరించి మీ దగ్గరే ఉంచుకోండి. మొదటి ఐదు నిమిషాలు కళ్లకు కనిపించేదే రాయాలి: గోడ దేనితో కట్టారు, బెంచీలెన్ని, గది వెచ్చబడటానికి ఏముంది. ‘పాపం’ అన్న మాట రాస్తే కొట్టేయించండి, అది చూసింది కాదు. తర్వాత ఫొటోలు మార్చుకుని తేడాలు రాయాలి. అప్పుడు వివరణ ఇవ్వండి: ఇవి కోర్టులో దాఖలు చేసిన సాక్ష్యాలు.

ఇప్పుడు వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయ లైబ్రరీ సేకరణ నుంచి 1963లో ఫార్మ్‌విల్‌లో పౌరహక్కుల కోసం జరిగిన నిరసన ఊరేగింపుల ఫొటోలు రెండు చూపండి. ఇవీ సాక్ష్యానికి తీసినవే, కానీ తీసింది పోలీసుల తరఫున. ఊరు ఒకటే, కెమెరా చేతులు మారింది. ‘ఎవరి కోసం తీశారు?’ అన్న ప్రశ్న దగ్గర పది నిమిషాలు ఆగండి. పాఠం ఉన్నది అక్కడే.

పిల్లలు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది: 1954 మే 17న బ్రౌన్ తీర్పు వచ్చింది, మర్నాడు తలుపులు తెరుచుకున్నాయి అనుకుంటారు. దాని అమలు గురించి 1955లో ఇచ్చిన రెండో తీర్పు గడువేదీ పెట్టలేదు. ఫార్మ్‌విల్ ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అయితే పిల్లల్ని కలపడం ఇష్టంలేక 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులే మూసేసింది. బోర్డు మీద గీత గీసి ఆ ఐదేళ్లు ఖాళీగా వదలండి.

బ్రౌన్ కేసు వాదనల ఆడియో కోసం వెతక్కండి. సుప్రీంకోర్టులో రికార్డింగ్ మొదలైందే 1955 అక్టోబరులో. ఎక్కడైనా వినిపిస్తే అది తర్వాత తయారుచేసినదే, అసలు రికార్డింగ్ కాదు. పిల్లలతో తెల్లవాళ్లు, నల్లవాళ్లు అంటూ వేషాలు కట్టించకండి. అవమానం ఆటైపోతుంది.

మన తరగతిలో కులం మాట ఎవరో ఒకరు ఎత్తుతారు, ఆపకండి. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి, పౌరహక్కుల నాయకుడు డుబోయిస్‌కు రాసిన ఉత్తరం మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ లైబ్రరీ సైట్‌లో ఉంది. చిన్నదే, తర్వాతి పీరియడ్ దానితో మొదలుపెట్టవచ్చు.