కారు ఇంజిన్ వేడెక్కుతోందా? ఎప్పుడు వేడెక్కుతోందో ముందు గమనించండి

ఇంజిన్ వేడెక్కుతోందనగానే రేడియేటర్ మార్చాలనో, వాటర్ పంప్ పోయిందనో తేల్చేయడం సరికాదు. విశాఖలోని మద్దిలపాలెం కూడలిలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మీటరు ముల్లు పైకి పోయి, బండి కదలగానే దిగుతోందా, లేక జాతీయ రహదారిపై వేగంగా వెళ్తున్నప్పుడో, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడో పైకి పోతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. దీనికి సరైన జవాబు దొరికితే అనవసరంగా సామాన్లు మార్చే ఖర్చు చాలావరకు తప్పుతుంది.

ముల్లు ఎర్ర గీతను చేరినప్పుడు

ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, వీలైనంత త్వరగా బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. ఆవిరి కనిపిస్తే ఇంకొంత దూరం పోదామనుకోకుండా అక్కడే ఆపాలి. రేడియేటర్ మూతను మాత్రం కనీసం అరగంట వరకు ముట్టుకోకూడదు. లోపలి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) దాదాపు ఒక బార్ అదనపు ఒత్తిడిలో ఉండబట్టే నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కాలిపోతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోయడమూ ప్రమాదమే, ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంకర తిరగవచ్చు, పగలనూ వచ్చు.

ఆగినప్పుడు మాత్రమే వేడెక్కుతుంటే

బండి వేగంగా పోతున్నప్పుడు రేడియేటర్‌కు ఎదురుగాలి తగులుతుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. కాబట్టి ఇక్కడ మొదటి అనుమానం ఫ్యాను మీదే. ఇంజిన్ నడుపుతూ ఏసీ వేస్తే చాలా కార్లలో కొద్దిసేపట్లోనే ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, ఆ తరువాత రిలే (ఫ్యానుకు కరెంటు అందించే స్విచ్) చూడాలి. ఫ్యూజు పెట్టెలో అదే నంబరు గల మరో రిలే ఉంటే దాన్ని ఇక్కడ పెట్టి చూడవచ్చు. రిలే మార్చినా తిరగకపోతే మోటారు, వైరింగ్, టెంపరేచర్ సెన్సర్ మిగులుతాయి. ఇంజిన్ ఆపిన తరువాత కూడా కొన్ని కార్లలో ఫ్యాను దానంతటదే తిరుగుతుంది కనుక చేతులు దూరంగా ఉంచాలి.

ఫ్యాను బాగానే తిరుగుతున్నా వేడి తగ్గకపోతే గాలి దారిని చూడాలి. సముద్రం పక్కన ఉన్న మన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన కార్ల రేడియేటర్‌ను టార్చిలైటు వేసి చూస్తే, కింది వరుసల్లోని పలుచటి రేకులు ఉప్పుగాలికి తెల్లబారి, వేలు తగిలితే పొడిగా రాలిపోతాయి. రేకు రాలిన చోట గొట్టంలోని వేడిని గాలికి అందించేది ఏదీ మిగలదు. అలాంటి రేడియేటర్‌ను ఎంత శుభ్రం చేసినా ఫలితం ఉండదు, మార్చవలసిందే. దుమ్ము, ఆకులు, పురుగులు మాత్రమే పట్టి ఉంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టించాలి. ప్రెషర్ వాష్ గొట్టాన్ని దగ్గరగా పెడితే రేకులు వంగిపోయి దారి మరింత మూసుకుపోతుంది.

వేగంలో, ఎత్తులో వేడెక్కుతుంటే

ఇక్కడ సాధారణంగా లోపం కూలెంట్ ప్రవాహంలో ఉంటుంది. ఇంజిన్ మామూలు వేడికి వచ్చాక రేడియేటర్ పై హోస్ పైపు బాగా వేడిగా, కింది పైపు చల్లగా ఉంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచే వాల్వు) తెరుచుకోవడం లేదని గాని, రేడియేటర్ లోపల పూడుకుపోయిందని గాని అర్థం. థర్మోస్టాట్‌ను విప్పి నీళ్లలో వేసి కాచి చూడవచ్చు. నీళ్లు మరగకముందే, దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర అది తెరుచుకోవడం మొదలుపెట్టాలి. పాడైన థర్మోస్టాట్‌ను తీసేసి ఖాళీగా బిగించే అలవాటు కొందరు మెకానిక్‌లకు ఉంది, దయచేసి ఒప్పుకోకండి. ఇంజిన్ తగిన వేడికి రాక మైలేజీ పడిపోతుంది, అరుగుదల పెరుగుతుంది.

పూడిక ఎక్కువగా నీళ్ల వల్ల వస్తుంది. తీరప్రాంతపు బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఉంటాయి. అవి గొట్టాల లోపల గట్టిపడి దారిని సన్నం చేస్తాయి. అందుకే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ గాని, కలిపి అమ్మేది గాని వాడాలి. రకం కారు పుస్తకం చూసి ఎంచుకోవాలి, రంగు చూసి కాదు.

ఘాట్‌లో పై గేరులో ఇంజిన్‌ను ఈడ్చకుండా కింది గేరులో నడిపితే పంపు కూడా వేగంగా తిరిగి కూలెంట్ బాగా పారుతుంది.

కూలెంట్ తగ్గిపోతుంటే

కారు కింద తడి కనిపించగానే కంగారు పడనక్కరలేదు. మన తేమ వాతావరణంలో ఏసీ నీళ్లు ధారాళంగా కారుతాయి. అవి రంగు, వాసన, జిగురు లేకుండా ఉంటాయి. కూలెంట్ కారిన చోట హోస్ క్లిప్పుల దగ్గర, వాటర్ పంప్ కింద ఎండిన కూలెంట్ రంగు పెచ్చులా కడుతుంది. మూత రబ్బరు వాషరు పగిలినా కూలెంట్ పోతుంది, దానికి మూత మార్చితే చాలు.

బయట ఎక్కడా కారకుండా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (హెడ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా రిజర్వాయర్‌లో (కూలెంట్ డబ్బాలో) ఆగకుండా బుడగలు రావడం, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ రావడం, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిసిన టీ రంగు కనిపించడం దాని లక్షణాలు. ఆయిల్ మూత కింద మాత్రమే కొద్దిగా తెల్లటి నురుగు ఉంటే, తక్కువ దూరాలు తిరిగే కార్లలో అది గాలిలోని తేమ కూడా కావచ్చు. గ్యాస్కెట్ పోయిందని తేలితే బండిని నడపకుండా టోయింగ్ చేయించాలి. హెడ్ సమంగా ఉందో లేదో కొలిపించి, వంకర ఉంటే ఫేసింగ్ (మెషీన్‌పై చదును) చేయించాకే కొత్త గ్యాస్కెట్ వేయించాలి.

ఏ మరమ్మతు తరువాతైనా కూలెంట్ నింపేటప్పుడు గాలి లోపల చిక్కుకోకుండా పుస్తకంలో చెప్పిన పద్ధతిలో గాలి తీయాలి. ఇంజిన్ వేడిగా ఉన్నా హీటర్ చల్లగాలి ఇస్తుంటే గాలి ఇంకా ఉన్నట్టే. మర్నాడు ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ గీతను మళ్లీ చూసి, తగ్గినంత మేరకు నింపాలి.