గోటూ మౌంట్ గురి తప్పుతోందా? బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

లక్షణం: గోటూ మౌంట్ అంటే అడిగిన వస్తువు వైపు టెలిస్కోప్‌ను మోటార్లతో తానే తిప్పే స్టాండు. కొన్ని నక్షత్రాలు చూపించి దానికి దిక్కులు నేర్పితే (అలైన్‌మెంట్), సక్సెస్ అని హ్యాండ్ కంట్రోలర్ చూపిస్తుంది. ఎం42 (ఓరియన్ నెబ్యులా) అడిగితే టెలిస్కోప్ ట్యూబ్ ఎక్కడికో వెళ్లి ఆగుతుంది, ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) ఏమీ ఉండదు. స్కైవాచర్ ఈక్యూ5, హెచ్‌ఈక్యూ5 లాంటి సిన్‌స్కాన్ (స్కైవాచర్ గోటూ కంట్రోలర్) మౌంట్ మీద 150 లేదా 200 మి.మీ. రిఫ్లెక్టర్ (అద్దం టెలిస్కోప్) వాడేవాళ్లకు ఇది బాగా తెలిసిన తలనొప్పి.

ముందు ఒక్కటి తేల్చుకోండి. ఓ మెరిసే నక్షత్రాన్ని ఐపీస్ మధ్యకు తెచ్చి, ట్యూబ్‌ను దూరంగా ఇంకో నక్షత్రానికి పంపి, మళ్లీ మొదటిదానికి రప్పించండి. ఇలా రెండుమూడుసార్లు చేయండి. ప్రతిసారీ అదే చోటికి వస్తోందా, ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోందా?

అదే చోటికి వస్తూ, మిగతావి దొరకకపోతే

కంట్రోలర్‌లో మీరు ఎక్కించిన వివరాలు తప్పు. దయచేసి "అన్నీ కరెక్టుగానే ఇచ్చాను" అనుకోకుండా ఒక్కొక్కటీ మళ్లీ చదవండి. తేదీలో నెల ముందు, రోజు తర్వాత. టైమ్ జోన్ +05:30. డేలైట్ సేవింగ్‌కు (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం) నో. అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాల్లో ఇవ్వాలి. ఫోన్ మ్యాప్ చూపించేది దశాంశాల్లో. హైదరాబాద్‌కు 17.38 అని ఉంటే 17 డిగ్రీల 38 నిమిషాలు కాదు, 17 డిగ్రీల 23 నిమిషాలు. రేఖాంశం 78 డిగ్రీల 29 నిమిషాలు, తూర్పు.

ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే మొదటి నక్షత్రానికి వెళ్లేటప్పుడే ఏడున్నర డిగ్రీల తేడా వస్తే టైమ్ జోన్‌లో అరగంట పోయినట్టు, 15 డిగ్రీలైతే డేలైట్ సేవింగ్ ఆన్‌లో ఉన్నట్టు. ఇంత తేడా ఉన్నప్పుడు, దగ్గర్లో కనిపించిన వేరే నక్షత్రాన్ని అదే అనుకుని మధ్యకు తెచ్చేస్తారు. మిథున రాశిలో పక్కపక్కనే మెరిసే కాస్టర్, పోలక్స్ విషయంలో ఇది మరీ ఎక్కువ.

ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే

క్లచ్‌లు (అక్షాలు జారకుండా పట్టి ఉంచేవి) బిగించారా? కెమెరా తగిలించాక బ్యాలెన్స్ మళ్లీ చూశారా? ఈ రెండూ సరిగ్గా ఉంటే అనుమానించాల్సింది కరెంటునే. రాత్రులకు రాత్రులు మింగేసే కారణం ఇదే.

ఈ మౌంట్లలో ఉండేవి స్టెప్పర్ మోటార్లు. ట్యూబ్ నిజంగా ఎంత తిరిగిందో కంట్రోలర్‌కు తెలియదు, తాను ఎన్ని అడుగులు వేయమందో అదే లెక్క. ఓల్టేజ్ పడిపోయి మోటార్ క్షణంపాటు తడబడితే ఆ అడుగులు పోతాయి. స్క్రీన్ మీద ఏ ఎర్రరూ రాదు. కంట్రోలర్ లెక్క ఒకచోట, ట్యూబ్ ఇంకోచోట.

బ్యాటరీని ఊరికే కొలిస్తే దొరకదు. 12 ఓల్టుల 7 ఏహెచ్ యూపీఎస్ బ్యాటరీ పాతదైనా, లోడ్ లేనప్పుడు 12.6 చూపించొచ్చు. పొలంలో మోటార్ వేయగానే ఇంట్లో బల్బు మసకబారినట్టు, రెండు మోటార్లూ ఫుల్ స్పీడులో తిరిగినప్పుడే దాని బలహీనత బయటపడుతుంది. అందుకే రేట్ 9లో (అన్నిటికంటే ఎక్కువ స్పీడు) రెండు అక్షాలూ తిప్పుతూ, మౌంట్ దగ్గరి కొసలో మల్టీమీటర్ పెట్టి చూడండి. 11 ఓల్టులకు దిగితే కారణం దొరికినట్టే. తిరిగేటప్పుడు గరగరమన్నా, పవర్ లైటు మిణుకుమిణుకుమన్నా అదే సూచన.

బ్యాటరీ దగ్గర బాగుండి మౌంట్ దగ్గర పడిపోతుంటే తప్పు వైరుది. సన్నటి పొడవాటి వైరు, వదులైన సిగరెట్ లైటర్ ప్లగ్, రెండూ మార్చేయండి. పొట్టి, మందపాటి వైరు వేయండి. మంచు పట్టకుండా చుట్టే హీటర్‌కు, కూల్డ్ కెమెరాకు వేరే బ్యాటరీ ఇవ్వండి. కొత్తది కొంటుంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి, లోడ్‌లోనూ దాదాపు 13 ఓల్టుల దగ్గర నిలబడుతుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ మాత్రం వద్దు: 19 ఓల్టులకు బోర్డు కాలిపోవచ్చు. ప్లగ్ మధ్య పిన్ ప్లస్ అని కూడా చూసుకోండి.

పవర్ సరిచేశాక పాత అలైన్‌మెంట్ పనికిరాదు. ట్యూబ్‌ను ధ్రువనక్షత్రం వైపు, బరువుల రాడ్డును కిందికి పెట్టి మొదటినుంచీ చేయండి.

మిగతావి

మెరిడియన్ (ఉత్తరం నుంచి దక్షిణానికి నడినెత్తి మీదుగా పోయే గీత) దాటాక మాత్రమే కాస్త తేడా వస్తే కోన్ ఎర్రర్ (ట్యూబ్ మౌంట్ మీద కాస్త వంకరగా కూర్చోవడం), త్రీ స్టార్ అలైన్‌మెంట్‌తో చాలావరకు సర్దుకుంటుంది. ఫొటోల్లో నక్షత్రాలు గీతల్లా వస్తే పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షం సరిగ్గా ఆకాశ ధ్రువం వైపు ఉండటం) చూడండి, గోటూకు దానితో పెద్దగా సంబంధం లేదు. గేర్లలో లూజు, ఫర్మ్‌వేర్ గొడవ, బోర్డు పాడవడం చాలా అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.